నూర్జహాన్ గులాబీ అత్తరు కిట్: సరుకు మంచిది, కొలత తప్పు

పెట్టె మీద నూర్జహాన్ బొమ్మ వేశారు. గులాబీ అత్తరు కనిపెట్టిన ఘనతను జహంగీర్ తన జ్ఞాపకాల్లో ఆమె తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు. ఆ పేరు కూడా ఉండాల్సింది.

గులాబీ ఆబ్సొల్యూట్ (పూల నుంచి తీసిన చిక్కటి సుగంధ సారం), గంధం నూనె, వాటిని పలచన చేసే జొజోబా నూనె మూడూ నాణ్యమైనవే. కరపత్రం మాత్రం 10 మి.లీ. జొజోబాకు 20 చుక్కల గులాబీ అంటుంది. అంత గాఢత చర్మానికి మంచిది కాదు. గులాబీ 5, గంధం 4 చుక్కలు చాలు. కలిపాక రెండు వారాలు చీకట్లో ఉంచితే ఘాటు తగ్గి రెండు వాసనలూ ఒకటవుతాయి. తాజా రేకులు వేయమన్న సలహా అసలు పాటించకండి, వాటి తడికి బూజు పడుతుంది. ఇచ్చిన సీసా తెల్లగాజుది, వెలుతురుకు నూనె పాడవుతుంది. ముదురు రంగు సీసాలోకి మార్చండి, అది పూర్తిగా పొడిగా ఉండాలి.