ఎల్‌టీస్పైస్‌తో ఎనిమిదేళ్లు: మెష్ కరెంట్ అడిగితే బ్రాంచి కరెంట్ చెబుతుంది

ముందే చెప్పేస్తాను, సర్క్యూట్ గీసి ఇస్తే వోల్టేజీలు, కరెంట్లు లెక్కగట్టి చెప్పే ఎల్‌టీస్పైస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా "మెష్ కరెంట్" అనే మాట కనబడదు. మెనూల్లో లేదు, రిజల్టులోనూ రాదు. అది చెప్పేది బ్రాంచి కరెంట్, అంటే ఒక్కో రెసిస్టర్, ఒక్కో సోర్స్ గుండా పారే కరెంట్. సర్క్యూట్ బొమ్మలో ఒక్కో కిటికీ (మెష్) చుట్టూ ఒక కరెంట్ తిరుగుతోందనుకుని చేసే మెష్ ఎనాలిసిస్ లెక్కల కోసం దీన్ని దింపుకున్న పిల్లలు మొదటి రోజే వచ్చి, "మేడమ్, ఇందులో ఐ1 ఎక్కడుంది?" అని అడుగుతారు. ఐ1 అంటే మొదటి మెష్ కరెంట్. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ వాళ్లకి సర్క్యూట్లు చెప్పడం నా పని. ఎనిమిదేళ్లుగా ఏటా ఇదే ప్రశ్న. దానికి జవాబు చెప్పేసరికి సగం చాప్టర్ అయిపోతుంది. నేను ఈ సాఫ్ట్‌వేర్‌ని వదలకపోవడానికి అదీ ఒక కారణం.

నా బీటెక్‌లో ఇలాంటిదే పీస్పైస్ అనే సాఫ్ట్‌వేర్, దాని స్టూడెంట్ వెర్షన్ ఉండేది. సర్క్యూట్‌ని బొమ్మగా కాకుండా నెట్‌లిస్ట్‌గా, అంటే ఏ భాగం ఏ నోడ్‌ల (వైర్లు కలిసే చోట్ల) మధ్య ఉందో చెప్పే జాబితాగా టైపు చేయించేవారు. ఒక్క నోడ్ నంబరు తప్పు కొడితే ల్యాబ్ పీరియడ్ అంతా దాన్ని వెతకడంతోనే సరిపోయేది. ఉద్యోగంలో చేరాక ఎల్‌టీస్పైస్‌కి మారాను. ఉచితం, నోడ్‌లు ఇన్నే ఉండాలన్న పరిమితి లేదు, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. లీనియర్ టెక్నాలజీలో మైక్ ఎంగెల్‌హార్ట్ రాసిన ప్రోగ్రాం ఇది. 2017లో ఆ కంపెనీని అనలాగ్ డివైసెస్ కొనేసింది. పుట్టింది స్విచింగ్ రెగ్యులేటర్ల (ఒక రకం పవర్ సప్లై సర్క్యూట్ల) డిజైన్ కోసం. అలాంటిదాన్ని రెండు కిటికీల సర్క్యూట్‌కి వాడటం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, కానీ ఊరికే వచ్చే బ్రహ్మాస్త్రం కదా, వాడేస్తున్నాం.

ఒక సర్క్యూట్ తీసుకుందాం. ఎడమ పక్క 24 వోల్టుల సోర్స్ వీ1, దానికి సిరీస్‌లో 2 ఓమ్ ఆర్1. మధ్యలో నిలువుగా 4 ఓమ్ ఆర్3, ఇది రెండు మెష్‌లకీ కామన్. కుడి పక్క మరో 4 ఓమ్ ఆర్2, చివర 8 వోల్టుల వీ2. రెండు సోర్స్‌లకీ ప్లస్ పైకే ఉంది. రెండు మెష్‌లలోనూ కరెంట్ క్లాక్‌వైజ్ అనుకుని రాస్తే:

6 ఐ1 − 4 ఐ2 = 24
−4 ఐ1 + 8 ఐ2 = −8

ఐ1 = 5 ఆంపియర్లు, ఐ2 = 1.5 ఆంపియర్లు. మధ్య రెసిస్టర్‌లో కిందికి 5 లోంచి 1.5 తీస్తే 3.5. చేత్తో రెండు నిమిషాల పని.

ఇదే సర్క్యూట్ ఎల్‌టీస్పైస్‌లో గీసి, డాట్ ఓపీ (డీసీ విలువలు లెక్కగట్టమనే కమాండ్) అని పెట్టి రన్ చేస్తే తెర మీద చిన్న విండో తెరుచుకుంటుంది. అందులో వీ1 కరెంట్ −5, వీ2 కరెంట్ 1.5, ఆర్1 కరెంట్ −5, ఆర్2 కరెంట్ −1.5, ఆర్3 కరెంట్ 3.5. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, గుర్తులే మనిషిని తికమక పెడతాయి.

ఒకసారి ఒక అమ్మాయి అసైన్‌మెంట్‌లో ఐ1 = −5 అని రాసుకొచ్చింది. స్టెప్పులన్నీ కరెక్టు, ఐదో లైను దాకా ఐ1 = 5 వచ్చింది, ఆరో లైనులో హఠాత్తుగా మైనస్ ప్రత్యక్షమైంది.

"ఏమ్మా, ఈ మైనస్ ఎక్కణ్నుంచి వచ్చింది?"

"కంప్యూటర్‌లో మైనస్ చూపించింది మేడమ్. నా లెక్కే తప్పేమో అని దిద్దేశాను."

ఆ పిల్ల తప్పేం లేదు. స్పైస్ (ఎల్‌టీస్పైస్, పీస్పైస్‌లకి మూలమైన ప్రోగ్రాం) పద్ధతిలో సోర్స్ ప్లస్ కాలిలోకి వెళ్లే కరెంట్ పాజిటివ్. బ్యాటరీ కరెంట్ ఇస్తున్నప్పుడు ప్లస్ కాలి నుంచి బయటకి వస్తుంది కాబట్టి నెగటివ్. వీ2 దగ్గర కరెంట్ లోపలికి పోతోంది, అంటే వీ2 చార్జ్ అవుతోంది, అందుకే అక్కడ పాజిటివ్. రెసిస్టర్ సంగతి ఇంకా తమాషా. దానికి మొదటి కాలు, రెండో కాలు అని ఉంటాయి. మొదటి కాలిలోకి వెళ్తే పాజిటివ్. నిలువుగా పెట్టినప్పుడు మొదటి కాలు పైన ఉంటుంది. కంట్రోల్ ఆర్ ఒకసారి నొక్కి అడ్డంగా తిప్పితే ఆ మొదటి కాలు కుడి వైపుకి పోతుంది. అందుకే ఎడమ నుంచి కుడికి నిక్షేపంగా పారుతున్న కరెంట్ కూడా మైనస్‌లో కనబడుతుంది. దానికి మందు, ఒకసారి కాకుండా మూడుసార్లు తిప్పడం. అప్పుడు మొదటి కాలు ఎడమకి వస్తుంది. బయటి వైపు రెసిస్టర్లన్నీ క్లాక్‌వైజ్ వరసలో కాళ్లు వచ్చేలా పెట్టుకుంటే ఆ బ్రాంచి కరెంటే నేరుగా మెష్ కరెంట్. ఈ చిట్కా తెలియడానికి నాకే రెండేళ్లు పట్టింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

అసలు మెష్ కరెంట్ ఎందుకు ఇవ్వదంటే, లోపల అది మెష్ పద్ధతిలో లెక్క చెయ్యడం లేదు. స్పైస్ 1973లో బర్కిలీలో పుట్టింది, లారీ నాగెల్, ఆయన గురువు డోనాల్డ్ పెడర్సన్ చేతుల మీదుగా. మొదటి నుంచీ అది నోడ్ వోల్టేజీల లెక్క. తర్వాత 1975లో వచ్చిన స్పైస్2లో వోల్టేజ్ సోర్స్ కరెంట్‌ని కూడా తెలియని రాశిగా కలిపారు. కంప్యూటర్‌కి నోడ్‌లు లెక్కపెట్టడం తేలిక, కిటికీలు గుర్తుపట్టడం కష్టం. మెష్ అనేది కాగితం మీద గీసిన బొమ్మలో మన కంటికి కనబడేది. వైర్లు ఒకదాని మీద ఒకటి దాటుకోకుండా గీయడం కుదరని సర్క్యూట్‌కి మెష్ పద్ధతే పనికిరాదు, స్పైస్‌కి మాత్రం అది కూడా మామూలు సర్క్యూటే. ఇదంతా చెప్పాక, "మెష్ లెక్కకి గ్రౌండ్ ఎందుకు మేడమ్, కాగితం మీద పెట్టలేదుగా?" అన్న ప్రశ్న దానంతటదే పోతుంది. నోడ్ లెక్కకి సున్నా వోల్టు ఎక్కడో తెలియాలి మరి.

కరెంట్ కొలవడానికి సున్నా వోల్టుల సోర్స్ పెట్టే పాత అలవాటు కూడా, వోల్టేజ్ సోర్స్ కరెంట్‌ని లెక్కలో కలిపిన ఆ పద్ధతి నుంచి వచ్చిందే. ఎల్‌టీస్పైస్‌లో రెసిస్టర్ మీద మౌస్ పెడితే గుర్తు టాంగ్ టెస్టర్‌లా (వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచే మీటర్‌లా) మారి కరెంట్ చూపిస్తుంది కాబట్టి మామూలు సర్క్యూట్‌లో ఆ అవసరం లేదు. డిపెండెంట్ సోర్స్ (సర్క్యూట్‌లో మరోచోటి వోల్టేజీని, కరెంట్‌ని బట్టి మారేది) వచ్చినప్పుడు మాత్రం తప్పదు. కరెంట్ మీద ఆధారపడే ఎఫ్, హెచ్ సోర్స్‌లకి రెసిస్టర్ పేరు ఇస్తే ఒప్పుకోవు, వోల్టేజ్ సోర్స్ పేరే కావాలి. ఆ బ్రాంచిలో సున్నా వోల్టుల సోర్స్ ఒకటి పెట్టి దాని పేరు ఇవ్వాలి. దాని ప్లస్ ఎటుందో చూసుకోకపోతే జవాబు మొత్తం తిరగబడుతుంది, ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

యూనిట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. స్పైస్‌లో ఎం అంటే మిల్లీ. పెద్ద ఎం అయినా చిన్న ఎం అయినా మిల్లీయే. మెగా కావాలంటే మెగ్ అని రాయాలి. 5 వోల్టులకి "1ఎం" రెసిస్టర్ పెట్టిన కుర్రాడికి 5000 ఆంపియర్లు వచ్చాయి. "మేడమ్, షార్ట్ సర్క్యూట్ అయినట్టుంది" అన్నాడు, అంత కంగారులోనూ నిజమే చెప్పాడు పాపం. అలాగే ఎఫ్ అంటే ఫారడ్ కాదు, ఫెమ్టో. కెపాసిటర్‌కి 0.25ఎఫ్ అని రాస్తే ఆ బ్రాంచి తెగిపోయినట్టే. 0.25 అని ఊరుకోవాలి.

ఏసీ మెష్ లెక్కల్లోనే ఇది నిజంగా చెయ్యందిస్తుంది. పరీక్ష హాల్లో పిల్లల దగ్గరుండే కాసియో 991 ఈఎస్ క్యాలిక్యులేటర్ మామూలు సైమల్టేనియస్ ఈక్వేషన్లు చిటికెలో చేస్తుంది, జె ఉన్న (కాంప్లెక్స్) కోఎఫిషియెంట్లు ఇస్తే తీసుకోదు. క్రేమర్స్ రూల్ (డిటర్మినెంట్లతో ఈక్వేషన్లు సాధించే పద్ధతి) చేత్తో చేయాల్సిందే, అక్కడ గుర్తు పోగొట్టుకోని వాళ్లు లేరు. జవాబు సరిచూసుకోవడానికి ఎల్‌టీస్పైస్ బాగుంటుంది. అయితే పుస్తకంలో జె6 ఓమ్, మైనస్ జె4 ఓమ్ అని ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌కి హెన్రీలు, ఫారడ్‌లు కావాలి. నేను ఫ్రీక్వెన్సీని 0.159155 హెర్ట్జ్ అని ఇస్తాను. అప్పుడు ఒమేగా (2π × ఫ్రీక్వెన్సీ) 1 అవుతుంది, జె6 అంటే 6 హెన్రీలు, మైనస్ జె4 అంటే 0.25 ఫారడ్. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఏసీ ఎనాలిసిస్ చేస్తే ప్రతి కరెంట్‌కీ మాగ్నిట్యూడ్, ఫేజ్ పక్కపక్కనే వస్తాయి. మ్యూచువల్ ఇండక్టెన్స్ (ఎం) ఉంటే దాని విలువ నేరుగా ఇవ్వలేం, కె (ఎంని రెండు ఇండక్టెన్స్‌ల లబ్ధపు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది) లెక్కగట్టాలి: 4, 9 హెన్రీల కాయిల్స్‌కి ఎం 3 అయితే కె 0.5. కె లైను రాయగానే కాయిల్స్ మీద చుక్కలు వాటంతటవే వస్తాయి, అది నాకు భలే ఇష్టం. వేవ్‌ఫాం చూడటానికి సైన్ సోర్స్ పెడితే మాత్రం అక్కడ అడిగేది పీక్, అంటే గరిష్ఠ విలువ. ఇంటి కరెంట్‌కి 230 కాదు, 325.

నచ్చని విషయాలూ ఉన్నాయి. ఫోన్‌లో రాదు, మా పిల్లల్లో ఎక్కువమందికి ఫోనే కంప్యూటర్. వాళ్లకి ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ చూపిస్తాను. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, వైర్లలో పసుపు చుక్కలు చీమల బారులా కదులుతూ కరెంట్ ఎటు పోతోందో చూపిస్తాయి. క్లాసులో దిశ గురించి చెప్పాలంటే అదే మేలు, ఏసీ ఫేజ్ అంకెలు కావాలంటే ఎల్‌టీస్పైస్ మేలు. ఐఐటీ బాంబేలోని ఫాస్సీ ప్రాజెక్ట్ వాళ్ల సిమ్యులేటర్ ఈసిమ్ కూడా కొన్నాళ్లు వాడాను. లోపల ఎన్‌జీస్పైస్ అనే మరో స్పైస్ ఉంటుంది, లైనక్స్ అలవాటున్నవాళ్లకి బాగుంటుంది. రెండు మెష్‌ల లెక్కకి దానిలో బొమ్మ గీయడం నాకు చుట్టు తిరుగుడుగా అనిపించింది.

ఇంకొకటి, ఈక్వేషన్ రాయడం ఇది నేర్పదు. కామన్ బ్రాంచిలో కరెంట్ సోర్స్ ఉంటే కాగితం మీద సూపర్‌మెష్ (ఆ రెండు మెష్‌లనీ కలిపి ఒకటిగా తీసుకున్నది) గీయాలి. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పెట్టేసి రన్ కొడితే అయిపోతుంది. మార్కులు స్టెప్పులకి కదా. అందుకని లెక్క పూర్తిచేసిన కాగితం చూపిస్తేనే సిస్టమ్ ముందు కూర్చోనిస్తాను. కాస్త తెలివైన వాళ్లకి మూడు వరసలు, వరసకి మూడు గడులు ఉన్న సర్క్యూట్ ఇస్తాను. నడిమి గడికి నాలుగు వైపులా కామన్ రెసిస్టర్లే, దాని మెష్ కరెంట్ ఏ ఒక్క బ్రాంచిలోనూ విడిగా కనబడదు. బయటి గడి నుంచి లోపలికి రావాలి. ఉదాహరణకి పై గడిలో 2, దానికీ నడిమి గడికీ మధ్య 0.6 ఉంటే నడిమిది 1.4. ఎడమ గడి వైపు నుంచి వచ్చినా అదే 1.4 రావాలి. రాలేదంటే ఎక్కడో కాళ్లు తిరగబడ్డాయన్నమాట.

పోయినేడు జరిగింది చెప్పాలి. పైన రాసిన రెండు మెష్‌ల సర్క్యూట్‌నే ల్యాబ్‌లో పెట్టించాను, రెసిస్టెన్స్‌లు పది రెట్లు పెంచి రియోస్టాట్‌లతో (విలువ మార్చుకోగల రెసిస్టర్లతో). 0.5, 0.15 ఆంపియర్లు రావాలి. మొదటి అమ్మీటర్ 0.4 దగ్గర ఆగింది, రెండోది దాదాపు సున్నా. "సిమ్యులేషన్‌లో 0.5 వచ్చింది మేడమ్, ఈ మీటర్ పాడైపోయింది" అని బ్యాచ్ మొత్తం తీర్మానించేసింది. మీటర్ మార్చాం, వైర్లు మార్చాం. నాకూ టెన్షన్ మొదలైంది. కాసేపటికి ఒకబ్బాయి రెండో పవర్ సప్లై చూపించాడు. 8 వోల్టులకి పెట్టిన దాని డిస్‌ప్లేలో 16కి దగ్గరగా కనబడుతోంది.

అప్పుడు వెలిగింది. ల్యాబ్‌లో ఉండే రెగ్యులేటెడ్ సప్లై కరెంట్ ఇవ్వగలదు గానీ తీసుకోలేదు, లోపలి సిరీస్ ట్రాన్సిస్టర్ ఒకవైపే పని చేస్తుంది. ఎల్‌టీస్పైస్‌లో వీ2 మాత్రం ఆదర్శ సోర్స్, 0.15 ఆంపియర్లని మింగేసి చిరునవ్వుతో 8 వోల్టులు చూపిస్తుంది. వీ2కి సిరీస్‌లో, కరెంట్ బయటికి మాత్రమే వచ్చేలా ఒక డయోడ్ పెట్టి మళ్లీ రన్ చేశాం. 0.4 ఆంపియర్లు, మధ్య నోడ్ దగ్గర 16 వోల్టులు. సరిగ్గా బెంచి మీద ఉన్న అంకెలే.

తర్వాత రెండో సప్లై రెండు కాళ్లకీ అడ్డంగా ఇంకో 40 ఓమ్ రియోస్టాట్ తగిలించాం. 8 వోల్టుల దగ్గర అది 0.2 ఆంపియర్లు లాగుతుంది. సర్క్యూట్ నుంచి వచ్చే 0.15 అందులోకే పోతుంది, మిగతా 0.05 సప్లై ఇస్తుంది. డిస్‌ప్లే 8కి దిగింది, అమ్మీటర్ ముల్లు 0.5 దగ్గరకి పాకింది.

"మేడమ్, ఈ నాలుగో రెసిస్టర్ సంగతి రికార్డులో రాయాలా? మాన్యువల్‌లో లేదు."

రాయమన్నాను. డయోడ్ పెట్టిన సిమ్యులేషన్ ప్రింటు కూడా పక్కనే అతికించమన్నాను.