తడబడే గొంతు కోసం: రచయితల గుంపులో నాలుగేళ్ళు

మా గుంపులో ఒక రూలుంది. ఎవరు రాసింది వాళ్ళు చదవకూడదు. కుడిపక్కన కూర్చున్న మనిషి చేతికి కాగితాలిచ్చి, మాట్లాడకుండా వినాలి. నాలుగేళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం అక్కడికి పోతున్నానంటే ఆ ఒక్క రూలు కోసమే. మిగతావి ఉన్నా లేకపోయినా నాకు పెద్ద తేడా పడదు.

మిగతావి అంటే అందరికీ తెలిసినవే. మామూలుగా 9 మంది వస్తాం, 2 గంటలు కూర్చుంటాం. మొదటి 15 నిమిషాలు ఏదో ఒక మాట ఇస్తే దాని మీద అక్కడికక్కడే రాయాలి. తర్వాత ముగ్గురి రచనలు చర్చకొస్తాయి, అంటే మూడు వారాలకోసారి మన వంతు. సెలవులూ జ్వరాలూ తీసేసినా ఇప్పటికి ఓ 50 సార్లు నా రాతను వేరేవాళ్ళ గొంతులో విన్నాను. నేను చెప్పబోయేది దాని గురించే.

మా నిర్వాహకురాలు ఈ పద్ధతులన్నీ ఎక్కడెక్కడివో చదివి, తలా కాస్త తెచ్చి కలిపారు. చర్చ నడుస్తున్నంతసేపూ రాసినవాళ్ళు నోరెత్తకూడదు, జవాబేదైనా ఉంటే చివర్లో చెప్పుకోవాలి. ఇది సైన్స్ ఫిక్షన్ రచయితలు 1956లో పెన్సిల్వేనియాలోని మిల్ఫర్డ్‌లో మొదలుపెట్టిన సమావేశాల నాటి పద్ధతట. అప్పటికప్పుడు గదిలో రాసినదానికి మాత్రం తప్పులు ఎంచకూడదు, ఏది మనసులో నిలిచిపోయిందో చెప్పి ఊరుకోవాలి. కథలో 'నేను' అని ఉన్నా ఆ నేను రాసిన మనిషేనని అనుకోకూడదు. ఈ రెండూ అమెరికన్ కవయిత్రి ప్యాట్ ష్నైడర్ ఆమ్‌హర్స్ట్‌లో నడిపిన వర్క్‌షాపుల నుంచి వచ్చాయి. ఇక తీర్పులు చెప్పడం మాని, వింటున్నప్పుడు మీ బుర్రలో ఏం జరిగిందో చెప్పండి అన్నది పీటర్ ఎల్బో మాట. గురువు లేకుండానే రచన నేర్చుకునే తరగతి ఎలా నడవాలో ఆయన 1973లోనే రాశాడు. అయితే రచయితే తన రచనను బయటికి చదవాలి, అదీ రెండుసార్లు, ఒక్కోసారి చదివాక కనీసం ఒక నిమిషం అందరూ మౌనంగా ఉండాలి అన్నాడాయన. మా నిర్వాహకురాలు ఆ ఒక్కచోట ఆయనకి ఎదురు తిరిగారు. "మీరు చదివితే మీకు తెలిసినదంతా గొంతులో కలిసిపోతుందండీ, అది మాకెందుకు?" అన్నారు మొదటి రోజే.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ మాట కరెక్టని తెలియడానికి నెల పట్టింది.

నా కుడిపక్కన ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు కూర్చునేవాడు. రాయడం బాగానే రాస్తాడు. నలుగురి ముందు బయటికి చదవాలంటేనే చెమటలు. కామా దగ్గర ఆగిపోతాడు, పొల్లు మింగేస్తాడు, లైను తప్పి ఒక్కోసారి చదివిందే మళ్ళీ చదువుతాడు. నా మొదటి కథ అతని చేతిలో పడింది. అందులో ఒక వాక్యం ఇది: "బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని, సందు మలుపు తిరిగి, గేటు తోసుకుని, తాళం తీసి, లోపల ఎవరూ లేరని తెలిసి కూడా పిలిచింది." కుర్రాడు 'గేటు తోసుకుని' దాకా వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. మళ్ళీ పీల్చుకుని చివరిదాకా చదివాడు. కాగితం మీద వేలు పెట్టి నా వైపు చూసి, "సార్, ఎవరు పిలిచింది?" అన్నాడు.

నేను జవాబు చెప్పకూడదు కదా. లోపల మాత్రం తెలిసిపోయింది. కర్త రెండు పేరాల వెనక ఉంది. మధ్యలో వాళ్ళ పిన్ని కూడా వచ్చి వెళ్ళింది. తెలుగులో కర్త చెప్పకుండా క్రియతో నెట్టుకురావచ్చు, ఆ సుఖం మరిగి ఎంత దూరం నడిపించానో నేనే చూసుకోలేదు. కొండవీటి చాంతాడంత వాక్యం, చివర వేలాడుతున్న ఒక 'పిలిచింది'. ఇంట్లో అదే వాక్యం నేను బయటికే చదువుకున్నాను, పదిసార్లు. ఒక్కసారి కూడా ఊపిరి ఆడకపోవడం లేదు, ఎందుకంటే ఎక్కడ పీల్చుకోవాలో నాకు ముందే తెలుసు.

తర్వాతి వంతులో 'వెళ్ళిపోవాల్సొస్తుందేమోననిపించింది' అనే మాట అతని నోట పడింది. మూడుసార్లు ఎక్కాడు, మూడుసార్లూ జారాడు. గదిలో నవ్వులు. నేనూ నవ్వాను. వాడుకభాషలో రాస్తున్నానని ఎంత గర్వం నాకు! గిడుగువారు గ్రాంథికంతో పోరాడి వందేళ్ళు దాటింది, నేనింకా ఎవరి నోరూ తిరగని వాడుకభాష తయారుచేస్తున్నాను. ఇంటికొచ్చి 'వెళ్ళిపోవాలేమో అనిపించింది' అని మార్చాను. అర్థంలో పోయిందేమీ లేదు.

అలా ఏడాదిన్నర గడిచింది. నా వాక్యాలు పొట్టివయ్యాయని ఇంట్లోవాళ్ళే అన్నారు. కనిపించిన ప్రతివాళ్ళకీ ఈ గుంపు గురించి చెప్పి ఇద్దర్ని లాక్కొచ్చాను కూడా. ఇద్దరూ మానేశారు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇక ఆ రోజు గురించి.

ఒక శనివారం కుర్రాడు రాలేదు, పరీక్షలు. అతని కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. చిన్నప్పట్నుంచీ నాటకాలు వేసిన మనిషి, గొంతు గుమ్మటంలో మోగినట్టుంటుంది. ఆ రోజు నా వంతు. కథ చిన్నదే. ఆస్పత్రిలో ఆపరేషనుకి వెళ్తున్న కూతురు, గుమ్మం దాకా వచ్చిన తండ్రి. అక్కడ కూతురు "నువ్వు రానక్కర్లేదు" అంటుంది. కథ మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడాలని నా ఆశ. ముసలాయన మెట్లెక్కలేడు, ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసినట్టు బయటపడకుండా ఆయన్ని ఆపాలి.

ఆయన ఆ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించారు. 'నువ్వు' అని ఒక క్షణం ఆగారు. 'రానక్కర్లేదు' అన్నప్పుడు చివరి అక్షరం దగ్గర గొంతు సన్నగా వణికింది. గది నిశ్శబ్దమైపోయింది. ఒకావిడ కళ్ళు తుడుచుకున్నారు. నాకే కళ్ళు చెమర్చాయి, నిజం చెప్పొద్దూ! చర్చలో ఎవరూ ఒక్క లోపం చెప్పలేదు. ఇంత మంచి సాయంత్రం ఈ గుంపులో నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

ఆ ఊపులో మర్నాడే ఒక పత్రికకి పంపాను. కామా కూడా మార్చలేదు. రెండు నెలల తర్వాత తిరిగొచ్చింది. సంపాదకులు పాపం ఓపిగ్గా ఒక వాక్యం రాశారు: కూతురికి తండ్రి మీద అంత కోపం ఎందుకో కథలో తెలియలేదు.

కోపమా!

వారం రోజులు ఆ సంపాదకుల్ని మనసులో తిట్టుకున్నాను. చదవడం రానివాళ్ళు పత్రికలు నడిపితే ఇంతే అనుకున్నాను. తర్వాత మా నిర్వాహకురాల్ని అడిగి, అదే కథ మళ్ళీ వంతులో పెట్టించుకున్నాను. ఈసారి కుర్రాడు చదివాడు. తన పద్ధతిలోనే, తల ఎత్తకుండా, రైల్వే అనౌన్స్‌మెంటులా "నువ్వు రానక్కర్లేదు" అనేసి కింది లైనుకి పోయాడు. నేను కాగితం చూస్తూ వింటున్నాను. అక్కడ నిజంగానే ఇంకేమీ లేదు. ముందు వాక్యంలో ఆమె ఫైలు సర్దుకుంటోంది, తర్వాతి వాక్యంలో లిఫ్టు పనిచేయట్లేదని ఎవరో అంటున్నారు. చర్చ మొదలవగానే కొత్తగా చేరిన ఒకాయన అడిగారు: "వీళ్ళిద్దరికీ పడదాండీ?"

రెండు నెలల కింద ఏడ్చిన ఆవిడ కూడా తలూపారు. "అవును, ఈసారి నాక్కూడా అలాగే అనిపించింది. అప్పుడెందుకు అనిపించలేదో మరి," అన్నారు. ఆ పెద్దాయన నేల చూస్తూ కూర్చున్నారు. ఆయన తప్పేముంది? కాగితం మీద లేని నా కథని గొంతులో పెట్టి చదివారు. అంతకంటే మంచి పాఠకుడు ఏ రచయితకి దొరుకుతాడు! కానీ ఆయన పత్రికతో పాటు ఇంటింటికీ వెళ్ళి చదివిపెట్టలేరు కదా.

ఆ రాత్రి ఒకే ఒక్క వాక్యం చేర్చాను. ఆమె మెట్ల వైపు ఒకసారి చూసి, వెనక్కి వచ్చి, తండ్రి కళ్ళజోడుకి దారం చుట్టి ఉన్న పుల్లని సరిచేసి, అప్పుడు ఆ మాట అంటుంది. మళ్ళీ వంతులో కుర్రాడు అదే అనౌన్స్‌మెంటు గొంతుతో చదివాడు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు గానీ, పడదా అని కూడా ఎవరూ అడగలేదు. నాకది చాలు. ఆ కథ ఇంకెక్కడా అచ్చుకాలేదు, అది వేరే సంగతి.

అప్పట్నుంచి నా వంతు వచ్చిందంటే పది నిమిషాలు ముందే వెళ్ళి, కుర్రాడి పక్క కుర్చీ పట్టుకుంటాను. పెద్దాయన పక్కన పడితే ఏదో వంక చెప్పి మారతాను. ఆయనకి అర్థమైందని నా అనుమానం. ఏమీ అనరు, పెద్దమనిషి.

ఇంతవరకూ చదివి మీరు కూడా ఇలాంటి గుంపులో చేరిపోదామనుకుంటే ఆ మానేసిన ఇద్దరి సంగతి కూడా వినాలి. ఒకాయన పద్యం రాస్తారు. పద్యాన్ని యతి దగ్గర ఆపలేనివాళ్ళ చేతికిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండు వారాలు భరించి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆయనకి ఈ రూలు వల్ల ఏ ఉపయోగమూ లేదు, మా గుంపు ఆయన కోసం ఏర్పడిందీ కాదు. రెండో ఆవిడ సంగతి వేరు. ఆమె తన సొంత మాండలికంలో, ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే సంభాషణలు రాసుకొచ్చారు. పక్కన కూర్చున్నాయన ఆ యాస తెలియక, పుస్తకం తెలుగు దీర్ఘాలు తీసి చదివారు. రెండు చోట్ల ఘోరంగా వచ్చింది. గదంతా నవ్వింది. అవమానించాలని ఎవరికీ లేదు, కానీ ఆవిడ నోరెత్తకూడదు, అది మా రూలు. పది నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మళ్ళీ రాలేదు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆవిడని పిలుచుకొచ్చింది కూడా నేనే.

ఆ తర్వాత రూలు సవరించారు. మాండలికంలో రాసిన సంభాషణల్ని రాసినవాళ్ళే చదవచ్చు, లేదా ఆ యాస వచ్చినవాళ్ళని ఎంచుకోవచ్చు. ఇది ముందే తట్టి ఉండాల్సింది. రాసినవాళ్ళ నోరు కట్టేసే పద్ధతి మీద వర్క్‌షాపులు నడిపేవాళ్ళలోనే ఈ మధ్య గట్టి విమర్శలు వస్తున్నాయి. గదిలో ఎక్కువమందికి తెలియని భాషలో, తెలియని బతుకు గురించి రాసినవాళ్ళకే ఆ మౌనం ఎక్కువ బరువవుతుందని. నాకు బరువు కాలేదు, ఎందుకంటే నా భాష ఆ గదిలో అందరి భాషే. మొదట్లో ఈ రూలుని ఆకాశానికెత్తినప్పుడు ఈ సంగతి నాకు తోచలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నా పరిస్థితి వేరు. రిటైరయ్యాను, శనివారం సాయంత్రం నన్ను అడిగేవాళ్ళు లేరు, ఆ గది మా ఇంటికి నడిచెళ్ళే దూరం. వచనం తప్ప ఇంకేమీ రాయను. మూడు వారాలకోసారి ఆరేడు నిమిషాల రాత చదివించుకోవడానికి మిగతా రెండు వారాలూ వేరేవాళ్ళది వింటూ కూర్చోవాలి. నవల పూర్తి చేయాలన్న తొందర ఉన్నవాళ్ళకి ఈ లెక్క కుదరదు. ఉద్యోగం, పసిపిల్లలు ఉంటే నేనే రెండో నెలలో మానేసేవాణ్ణి.

ఇప్పుడు అసలు చిక్కు ఇంకోటి వచ్చిపడింది. నాలుగేళ్ళు వారం వారం చదివి చదివి ఆ కుర్రాడికి చదవడం వచ్చేసింది! ఇప్పుడు ఉద్యోగం కూడా చేస్తున్నాడు, మీటింగుల్లో మాట్లాడుతున్నాడట, గొంతులో ధైర్యం వచ్చింది. పైగా నా రాత వాడికి కంఠతా వచ్చినట్టైంది, వాక్యం ఎటు పోతుందో ముందే పసిగట్టి మలుపు దగ్గర మెల్లగా తిప్పుతాడు. పోయిన నెల నా పేరాలో 'మెల్లగా' అనే మాట నాలుగు లైన్లలో మూడుసార్లు ఉంది. ఒకటి వాడు చదవకుండానే దాటేశాడు, గదిలో ఎవరూ గమనించలేదు, నేను కూడా. ఇంటికొచ్చి కాగితం తీస్తే బయటపడింది.

"ఎందుకు వదిలేశావు బాబూ?" అని తర్వాతి వారం అడిగాను.

"వదిలేశానా సార్? నాకు తెలీదే," అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే తెలియదు.

ఈ మధ్య ఒక అమ్మాయి కొత్తగా చేరింది. గబగబా చదువుతుంది, సగం అక్షరాలు పళ్ళ మధ్యే ఉండిపోతాయి, ఫుల్‌స్టాపు కనిపిస్తే దూకేస్తుంది. వచ్చే శనివారం నా వంతు. ఆ అమ్మాయికి ఎడమపక్క కుర్చీ నాకు ఉంచమని నిర్వాహకురాలికి అప్పుడే మెసేజ్ పెట్టాను.