పచ్చళ్ళ వ్యాపారానికి వాట్సాప్ బిజినెస్, గూగుల్ ప్రొఫైల్: నాలుగేళ్ళు వాడాక నా సమీక్ష

వాట్సాప్ బిజినెస్ అంటే చిన్న వ్యాపారాల కోసం వాట్సాప్ ఇచ్చే వేరే యాప్. గూగుల్ ప్రొఫైల్ అంటే గూగుల్‌లో, మ్యాప్స్‌లో మన వ్యాపారం వివరాలు కనిపించే చోటు. ముందే చెప్పేస్తాను. ఈ రెండూ ఉచితం, రెండూ పనికొస్తాయి, కానీ వీటివల్ల నాకు రాత్రికి రాత్రి ఆర్డర్లు వచ్చిపడలేదు. అడిగినవాళ్ళు జవాబు లేక వెళ్ళిపోకుండా ఆపాయి. మొదలుపెట్టిన రోజున నేను ఆశించింది ఇది కాదు. ఇప్పుడైతే ఇదే చాలా పెద్ద సాయం అనిపిస్తోంది.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. అత్తయ్యగారిది తెనాలి. 2021 వేసవిలో లాక్‌డౌన్ వల్ల ఊరెళ్ళడం కుదరక, శ్రీనివాసపురం మామిడికాయలు ఇక్కడికే తెప్పించి ఆవకాయ పెట్టారు. పక్క ఫ్లాట్ వాళ్ళకి ఒక గిన్నెడు పంపాం. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని వాళ్ళు అందులో బెల్లం ముక్క వేసి తెచ్చారు, దాంతోపాటే "కిలో ఎంత?" అని అడిగారు. మా వ్యాపారం అలా మొదలైంది. ఇప్పుడు పచ్చళ్ళూ పొడులూ కలిపి 14 రకాలు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించాం. మేం తీసుకున్నప్పుడు 12 లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్ళకి ఏడాదికి 100 రూపాయలే ఫీజు. ఆ 14 అంకెల నంబరు సీసా మీద కనిపిస్తే కొత్తవాళ్ళ ప్రశ్నలు సగం తగ్గుతాయి.

మొదటి ఆరు నెలలు నా సొంత నంబరు మీదే నడిపాను. అదొక తెలివితక్కువ పని. అరకిలో గోంగూర, మావాడి స్కూల్ గ్రూపు, మా అక్క ఫోటోలు, అన్నీ ఒకే చోట. ఒకరోజు వాడి క్లాస్ టీచర్ మెసేజ్ పెడితే కంగారులో "మీ ఆర్డర్ అందింది, శనివారం డెలివరీ" అని జవాబిచ్చాను. ఆవిడ "ఏ పచ్చడి?" అని అడిగారు, నిజంగానే కొన్నారు కూడా. అయినా మర్నాడే కొత్త సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టాను. ఒకే ఫోన్‌లో మామూలు వాట్సాప్ ఒక నంబరుతో, ఇది మరో నంబరుతో పక్కపక్కనే నడుస్తాయి. మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే: నంబరు వేరు చేసుకోండి. మిగతావి తర్వాత.

ఇందులో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది కేటలాగ్, అంటే మన వస్తువులూ ధరలూ యాప్‌లోనే చూపించే జాబితా. అంతకుముందు ధరల పట్టిక ఫోటో తీసి పంపేదాన్ని. ఫోటోకి కాళ్ళుంటాయి. 2022లో పంపిన ఫోటో ఎన్ని చేతులు మారిందో, ఏడాది తర్వాత వైట్‌ఫీల్డ్ నుంచి ఒకాయన పాత ధర చూపించి "మీరే రాశారు కదా" అన్నారు. ఈలోగా పప్పునూనె ధర ఎక్కడికో పోయింది. మాట పోకూడదని ఆయనకి పాత ధరకే ఇచ్చి, ఫోటోలు పంపడం ఆరోజుతో మానేశాను. కేటలాగ్ లింకు ఎన్ని చేతులు మారినా ఈరోజు ధరే చూపిస్తుంది. అందులో 500 వస్తువుల దాకా పెట్టొచ్చట. మనకెందుకు లెండి.

పేర్లు రాయడం దగ్గర మాత్రం చాలా నేర్చుకున్నాను. మొదట అన్నీ తెలుగులోనే రాశాను. మా కింది ఫ్లాట్ కన్నడం ఆవిడ చూసి, "ఇవన్నీ ఉప్పినకాయి అని మాకెలా తెలుస్తుంది?" అన్నారు. గోంగూరని వాళ్ళు పుండి సొప్పు అంటారని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ప్రతి దానికీ తెలుగు పేరు, కన్నడ పేరు, ఇంగ్లీషులో ఒక వాక్యం ఉన్నాయి. హిందీ వాళ్ళ కోసం అచార్ అన్న మాట కూడా చేర్చాను. తెలుగువాళ్ళకే అమ్ముకుందాం అనుకుంటే బెంగళూరులో ఉండి ఏం లాభం?

ఎవరి చాట్ ఏమిటో గుర్తుండడానికి తగిలించుకునే లేబుళ్ళు 20 దాకా పెట్టుకోవచ్చు, నేను ఏడు వాడతాను. 'డబ్బు రావాలి', 'కారం తక్కువ', 'అమెరికా పార్సిల్', ఇలాంటివి. ఇవి పెట్టుకున్నాకే ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో తెలిసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదటి ఏడాది కొన్ని వేలు అలాగే వదిలేశాం. మళ్ళీ మళ్ళీ రాసే జవాబుల్ని దాచుకుని, ఏటవాలు గీత (/) నొక్కగానే తెచ్చుకునే సదుపాయం ఉంది. డెలివరీ రోజులు, యూపీఐ వివరాలు, నిల్వ ఎన్నాళ్ళుంటుందన్న ప్రశ్నకి జవాబు, ఈ మూడూ అలా పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడి ఎడమచేత్తో జవాబివ్వడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇక బ్రాడ్‌కాస్ట్. ఒకే మెసేజ్‌ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే సదుపాయం. దీని దగ్గర దెబ్బతిన్నాను, తప్పు నాదే. ఒక లిస్టులో 256 మందిని పెట్టొచ్చు అని చదివి మురిసిపోయాను. కిందున్న వాక్యం చదవలేదు: మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. 2023లో ఆవకాయ బుకింగ్ మొదలైందని 180 మందికి పంపాను. రెండ్రోజులు ఫోన్ పెద్దగా మోగలేదు. మెసేజ్ వివరాల్లోకి వెళ్ళి చూస్తే చేరింది 60 మందికి కూడా కాదు. మిగతావాళ్ళంతా మా పచ్చడి తింటున్నవాళ్ళే, నంబరు మాత్రం దాచుకోలేదు. అప్పట్నుంచి సీసా మూత మీద స్టిక్కర్ వేస్తున్నాం: "ఈ నంబరు సేవ్ చేసుకుంటే ఆవకాయ కబురు ముందు మీకే". అవెన్యూ రోడ్ దగ్గర ప్రింట్ చేయించిన ఆ స్టిక్కర్లు నేను పెట్టిన మార్కెటింగ్ ఖర్చులో అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా పనిచేసినవి.

లిస్టు పెరిగింది కదా అని శ్రావణ మాసంలో రోజూ ఒక మెసేజ్ కొట్టాను. తొమ్మిదో రోజుకి బాగా తెలిసినావిడే ఫోన్ చేసి, "అమ్మా, మీ పులిహోర పొడి బాగుంటుంది, కానీ పొద్దున్నే దేవుడి మెసేజ్‌ల కంటే ముందు మీదే వస్తోంది" అన్నారు. ఇప్పుడు నెలకి రెండే.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సంగతి. 2021 నవంబర్ దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. మనలా ఇంటి నుంచి నడిపేవాళ్ళు చిరునామా దాచి, డెలివరీ ఇచ్చే ప్రాంతాలు మాత్రమే చూపించొచ్చు, 20 దాకా. మనం నిజంగా వెళ్ళి ఇచ్చిరావాలి, పూర్తిగా ఆన్‌లైన్ వ్యాపారానికి ఇది కుదరదు. మా ఆయన స్కూటర్ మీద ఇస్తారు కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. ఈ వ్యాపారం నిజంగా ఉందని ధృవీకరించడానికి మమ్మల్ని వీడియో తీయమన్నారు. నేను జాడీలు, తూకం మిషన్, సీసాల మీది లేబుళ్ళు అన్నీ చూపించి, వీధి చూపించడం మర్చిపోయాను. రెండోసారి గేటు దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా వంటింటి దాకా నడిచాను. సెక్యూరిటీ తాతగారు ఇల్లు అమ్ముతున్నామేమో అనుకున్నారు.

ఇక్కడే ఒక చేదు కథ ఉంది. ప్రొఫైల్ పెట్టిన కొత్తలో ఒక ఏజెన్సీ కుర్రాడు వచ్చి, 3,000 తీసుకుని "వెబ్‌సైట్" చేసిచ్చాడు. తర్వాత తెలిసింది, అది గూగుల్ అప్పట్లో ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన ఒక్క పేజీ సైటు. 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేశారు. ప్రొఫైల్‌లో ఉండే చాట్ కూడా అదే ఏడాది జులై 31తో పోయింది. అతనే వ్యాపారం పేరు పక్కన "బెస్ట్ ఆంధ్రా పికిల్స్ మారతహళ్ళి" అని తగిలించమన్నాడు, డబ్బులిస్తే వంద రివ్యూలు రాయిస్తానన్నాడు. రెండూ నిబంధనలకి విరుద్ధం. వ్యాపారానికి ఉన్న అసలు పేరే అక్కడ ఉండాలి, రివ్యూకి బదులు డబ్బు గానీ కానుక గానీ ఇవ్వకూడదు. మాకిప్పుడు 43 రివ్యూలున్నాయి, అన్నీ తిన్నవాళ్ళవే. రెండు నక్షత్రాల రివ్యూ ఒకటుంది, "ఉప్పు ఎక్కువ" అని. అత్తయ్యగారు విని, "ఉప్పు లేకపోతే బూజు పట్టదూ? వాళ్ళనే వచ్చి పెట్టుకోమను" అన్నారు. నేను రాత్రి పదకొండింటికి ఇంచుమించు అదే మాట జవాబుగా రాసి, పొద్దున లేవగానే తీసేశాను. తర్వాత నిమ్మకాయలో ఉప్పు తగ్గించి, "ఫ్రిజ్‌లోనే పెట్టాలి" అని రాసి, చిన్న సీసా ఒకటి కేటలాగ్‌లో చేర్చాం. అది బాగానే పోతోంది.

ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకి ఒకసారి 6,000 పెట్టాను. దాని మీద 18 శాతం జీఎస్టీ, మరో 1,080. ఊరంతా కనపడేలా పెట్టడం నా పొరపాటు. హెబ్బాళ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి "ప్రైస్ ప్లీజ్" అని 70 మంది దాకా అడిగారు. పావుకిలో కంది పొడికన్నా అక్కడికి పంపే ఖర్చు ఎక్కువ. కొన్నది తొమ్మిది మంది. రెండోసారి ఇంటి చుట్టూ ఐదు కిలోమీటర్లకి కుదించి 1,500తో పెడితే నయం అనిపించింది. అయినా అంతకన్నా సంక్రాంతికి పక్క అపార్ట్‌మెంట్‌లో వేసిన స్టాల్ మేలు. వేడన్నం, నెయ్యి, ఆవకాయ, చిన్న ముద్ద చేతిలో పెట్టాం. ఆ సాయంత్రం నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళలో సగం మందికి పైగా ఇప్పటికీ కొంటున్నారు. కొత్తవాళ్ళని "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటాను, అందుకే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

పెద్ద సంస్థలకి వాట్సాప్‌లోనే వేరే ఏర్పాటు ఉంది, అందులో ప్రచారపు మెసేజ్‌లకి డబ్బు కట్టాలి. మాకు అంత అవసరం రాలేదు. మొదలుపెట్టేవాళ్ళు ఉచిత యాప్‌తో ఒక ఏడాది నడిపి చూసుకోవచ్చు.

అత్తయ్యగారికి మాత్రం ఈ యాప్ ఇప్పటికీ నచ్చదు. "మనిషికి ఫోన్ చేయక ఆ బొమ్మలేంటి అమ్మాయ్" అంటారు. ఏప్రిల్ రాగానే పాతవాళ్ళకి తనే ఫోన్ చేసి, వాళ్ళమ్మాయి పురుడు, మోకాళ్ళ నొప్పులు అన్నీ అడిగాక, చివర్లో "ఈసారి ఎన్ని కిలోలు?" అంటారు. నా లేబుళ్ళలో ఏడోది వాళ్ళదే, 'అత్తయ్యగారి వాళ్ళు' అని. 31 మంది ఉన్నారు. ఒక్కరూ కేటలాగ్ తెరిచినట్టు లేదు, ఒక్కరూ ఇంతవరకు ధర అడగలేదు.