కీమో రోజుల్లో నాకు దొరికిన జోడీ అక్క

హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ అని రిపోర్టు వచ్చేనాటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. హైదరాబాద్‌లో ఆస్పత్రి ఓపీలో నా చుట్టూ ఉన్నవాళ్లంతా అమ్మానాన్నల వయసువాళ్లే. జాలిపడేవాళ్లు, కొబ్బరినీళ్లు తాగమనేవాళ్లు. పెళ్లి సంబంధాల వాళ్లకి ఈ సంగతి ఎప్పుడు చెప్పాలి అని వాళ్లని ఎలా అడుగుతాం? అప్పుడు ఒక నర్సు కుర్ర పేషెంట్ల వాట్సాప్ గ్రూపు నంబరు ఇచ్చింది.

గ్రూపు గురించి పెద్దగా చెప్పను. బొప్పాయి ఆకు రసం ఫార్వర్డులు మొదలవగానే మ్యూట్ చేశాను. నేను రాస్తున్నది జోడీ ఏర్పాటు గురించి. మన జబ్బే వచ్చి, మన మందులే వాడి, ట్రీట్‌మెంట్ ముగించినవాళ్లని ఒకరిని మనకి తోడు ఇస్తారు.

మా జోడీ అక్క మొదటి కీమోకి ముందే ఫోన్ చేసి, "తర్వాత పిల్లల కోసం అండాలు దాచుకోవడం గురించి డాక్టర్‌ని అడిగావా?" అంది. మా ఇంట్లో ఆ ఊసే లేదు. అమ్మయితే "ముందు ఈ గండం గట్టెక్కనీవే" అంది. డాక్టర్ మాత్రం విసుక్కోకుండా చెప్పారు: నాకిచ్చే ఏబీవీడీ అనే కీమో మందులతో పిల్లలు పుట్టకుండా పోయే ముప్పు తక్కువే, మధ్యలో బీకాప్ అనే ఇంకా గట్టి కీమోకి మార్చాల్సి వస్తే పెరుగుతుంది, దాచుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, నా కేసులో అంతవరకు ఆగొచ్చు. దాచుకున్నాను. ఖర్చంతా చేతి నుంచే.

చిన్న విషయాలూ ముందే చెప్పేది. ఆ కీమో మందుల్లో అడ్రియామైసిన్ ఎక్కాక మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమని హడలిపోకు. వాటిలోదే ఇంకో మందు బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీయొచ్చు, పొడి దగ్గు వస్తే డాక్టర్ దగ్గర దాచకు.

జబ్బు ఇంకా మిగిలిందా అని చూసే నా చివరి పెట్ స్కాన్ ముందు అక్క ఫోన్ ఎత్తడం మానేసింది. నిర్వాహకులని అడిగితే "ఆవిడ బిజీ, నీకు ఇంకొకర్ని ఇస్తాం" అన్నారు. మ్యూట్‌లో పడున్న గ్రూపు తెరిచి చూస్తే ప్లేట్‌లెట్ దాతలు కావాలన్న మెసేజ్, పేషెంట్ పేరు అక్కదే. జబ్బు తిరగబెట్టిందట, స్టెమ్ సెల్ మార్పిడికి చేర్చారట. అదే జబ్బు, అవే మందులు. ఇక నాకెందుకు తిరగబెట్టదు? రాత్రంతా ఇదే. నా స్కాన్ బాగానే వచ్చింది గానీ సంతోషపడటం చేతకాలేదు.

అక్క మీద కోపం లేదు, దాచినవాళ్ల మీదే. "నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు" అన్నారు. మా మేనత్తలూ ఇదే అంటారు! ఆ గొడవ పడలేకే కదా ఇక్కడికొచ్చింది. కొన్నాళ్లకి అక్కే మెసేజ్ పెట్టింది, "నీ స్కాన్ ఏమైందే?" అని.

కాబట్టి పైన మెచ్చుకున్నదాన్ని కాస్త తగ్గించుకుని చదవండి. హాడ్జ్‌కిన్ కుర్రవాళ్లలో కనిపించే జబ్బే కాబట్టి నాకు జోడీ సులువుగా దొరికింది. ఎముక క్యాన్సర్ వచ్చిన ఒక తమ్ముడికి నెలల తరబడి ఎవరూ దొరకలేదు. పైగా నాకు తలుపేసుకోవడానికి సొంత గది ఉంది. ఒకే గదిలో అమ్మానాన్నలతో ఉండేవాళ్లు ఈ మాటలు ఫోన్లో మాట్లాడలేరు.

ఇప్పుడు నన్నే జోడీగా ఉండమంటున్నారు. నా స్కాన్ ఉన్న నెలల్లో తప్ప సరేనన్నాను. నాకు తిరగబెడితే ఆ అమ్మాయికి నేనే చెబుతాను, మధ్యలో ఎవరూ దాచకూడదు అని షరతు పెట్టాను. ఆలోచించి చెబుతామన్నారు.