కెమెరా ఫ్లాష్‌కి బయటి బ్యాటరీ: చేసుకున్న ప్యాక్, కొన్న ప్యాక్ - ఆరేళ్ల వాడకం తర్వాత

నా దగ్గర రెండు ప్యాక్‌లున్నాయి. ఒకటి నేనే చేసుకున్నది. 6 వోల్టుల, 4.5 ఆంపియర్-అవర్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, దాని నుంచి పాత వివిటార్ 285హెచ్‌వి ఫ్లాష్‌లోకి వైరు. రెండోది కొన్నది. ఎనిమిది డబుల్ ఏ సెల్స్ పట్టే పెట్టె, నా ఇంకో ఫ్లాష్‌కి ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కి తగులుకుంటుంది. కానన్ సీపీ-ఈ4, నికాన్ ఎస్‌డీ-9 ఈ కోవలోవే. నాది ఏ కంపెనీదో చెప్పను, కింద దాని మీద ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి. ఆరేళ్లుగా రెండూ వాడుతున్నాను. ఏది మంచిదని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: రెండూ చేసే పని వేరు. ఒకటి ఎక్కువసేపు కొట్టడానికి, ఇంకొకటి వెంటవెంటనే కొట్టడానికి.

ఫ్లాష్ లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంటుంది, చార్జ్ నింపుకుని ఒక్కసారిగా వదిలే భాగం. అది సుమారు 300 వోల్టులకి నిండాకే ఫ్లాష్ పూర్తి బలంతో వెలుగుతుంది. నాలుగు సెల్స్ కలిసి ఇచ్చేది 5, 6 వోల్టులే కాబట్టి దాన్ని పెంచే ఇన్వర్టర్ సర్క్యూట్ ఫ్లాష్‌లోనే ఉంటుంది. నేను చేసుకున్న ప్యాక్ నుంచి వచ్చే కరెంటంతా ఆ చిన్న సర్క్యూట్ గుండానే పోవాలి. బ్యాటరీ ఎంత పెద్దదైనా ఆ ఇరుకు అలాగే ఉంటుంది. కొన్న ప్యాక్‌కి సొంత ఇన్వర్టర్ ఉంది. దాదాపు 300 వోల్టులు తానే తయారుచేసి నేరుగా కెపాసిటర్‌కి పంపుతుంది.

వాచీ పెట్టి చూసిన లెక్కలు ఇవి. వివిటార్‌లో కొత్త ఆల్కలైన్ సెల్స్ వేస్తే ఫుల్ పవర్‌లో ఒక్కో షాట్ తర్వాత మళ్లీ సిద్ధమవడానికి 8, 9 సెకన్లు పట్టేది, సెల్స్ సగానికి వచ్చేసరికి 15 దాటేది. లెడ్ బ్యాటరీతో 5, 6 సెకన్లు. పెద్ద మార్పేం కాదు. కానీ మొదటి షాట్‌కి ఎంతో మూడు వందలో షాట్‌కీ అంతే, నాకు దాంతోనే టెన్షన్ పోయింది. ఒక్క చార్జింగ్‌తో ఫుల్ పవర్‌లో 400కి పైగా షాట్లు తీశాను. కొన్న ప్యాక్ సంగతి వేరు. లోపలి నికెల్ మెటల్ హైడ్రైడ్ (మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే) సెల్స్‌తోనే అయితే 4 సెకన్లు తీసుకునే ఫ్లాష్ ఇప్పుడు 2 సెకన్ల లోపే సిద్ధమవుతోంది. స్టేజీ మీద డ్యాన్స్ తీసేటప్పుడు ఆ రెండు సెకన్ల తేడా ఎంతో, తీసేవాళ్లకే తెలుస్తుంది.

ఇంట్లో చేసేవాళ్లు అందరూ బ్యాటరీ గురించే ఆలోచిస్తారు. అసలు సంగతి వైరులో ఉంది. కెపాసిటర్ నిండటం మొదలైనప్పుడు ఫ్లాష్ ఒక్కసారిగా చాలా ఆంపియర్లు లాగుతుంది. వైరు, కనెక్టర్లు అన్నీ కలిపి 0.1 ఓమ్ నిరోధం ఉన్నా 6 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు దారిలోనే పోతుంది. 6 వోల్టుల్లో అది పదో వంతు. నా మొదటి ప్యాక్‌కి స్పీకర్లకి వాడే సన్న వైరు, అదీ రెండు మీటర్లు వేశాను. ఆల్కలైన్ సెల్స్ కంటే ఏమంత తేడా కనిపించలేదు. మల్టీమీటర్‌తో ఫ్లాష్ దగ్గర కొలిస్తే కారణం దొరికింది. మందం వైరు వేసి, పొడవు మీటరుకి తగ్గించాక ప్యాక్ దారిలో పడింది. ఫ్లాష్ లోపలికి వెళ్లేందుకు చెక్క కడ్డీని డబుల్ ఏ సైజుకి కోసి డమ్మీ సెల్స్ చేశాను. ప్లస్, మైనస్ పలకలకి తగిలే రెండింటికి మాత్రమే కొసన స్క్రూ బిగించి దానికి వైరు సోల్డర్ చేశాను. ఏది ప్లస్సో డమ్మీ మీద ఎర్ర పెయింట్‌తో రాసుకోండి. చీకట్లో తిరగేసి పెడితే ఫ్లాష్ పోతుంది.

ఆ మొదటి ప్యాక్‌కి ఫ్యూజ్ లేదు. 6 వోల్టులే కదా అనుకున్నాను. ఒక ప్రోగ్రామ్ మధ్యలో పౌచ్ జిప్పుకి రాసుకుని వైరు తొడుగు చిరిగింది, రెండు తీగలూ కలిశాయి. నడుము దగ్గర వేడి తగిలి చూసేసరికి వైరు తొడుగు మెత్తబడి కారుతోంది. కనెక్టర్ పీకేశాను కాబట్టి సరిపోయింది. మనిషికి షాక్ కొట్టని బ్యాటరీ వైరుని కాల్చగలదు. ఎందుకంటే లెడ్ బ్యాటరీ కరెంటుని ఆపుకోదు, అడిగినంతా ఇచ్చేస్తుంది. అప్పటి నుంచి ప్లస్ టెర్మినల్‌కి రెండంగుళాల లోపే 10 ఆంపియర్ల ఫ్యూజ్ పెడుతున్నాను. ఫ్యూజ్ ఫ్లాష్ వైపు పెడితే మధ్యలో ఉన్న వైరుకి రక్షణ ఉండదు.

కొన్న ప్యాక్‌లో ఈ గొడవలేవీ లేవు. కానీ రెండు విషయాలు దాని పెట్టె మీద రాసి ఉండవు. ఒకటి, ఫ్లాష్ లోపల కూడా సెల్స్ ఉండాలి. డిస్‌ప్లే, కంట్రోల్ సర్క్యూట్ వాటి మీదే నడుస్తాయి. బయట ప్యాక్ నిండుగా ఉన్నా లోపలివి అయిపోతే ఫ్లాష్ ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసేలోపు ప్యాక్ పాడైందనుకుని తిరిగి ఇచ్చేయబోయాను. రెండు, ఎనిమిది సెల్స్‌లో ఒక్కటి బలహీనంగా ఉంటే మిగతా ఏడూ దాన్ని ఈడ్చుకుపోతాయి, చివరికి ఆ ఒక్కటీ ప్లస్, మైనస్ తిరగబడి చస్తుంది. అందుకే ఒకేసారి కొన్న ఎనిమిదింటికి మార్కర్‌తో ఒకే అక్షరం రాసి, ఎప్పుడూ కలిపే చార్జ్ చేస్తాను.

ఇక ఫిర్యాదు. మూడో ఏడాదిలో కేబుల్ ప్లగ్ మెడ దగ్గర లోపలి తీగ తెగింది. ఒక షాట్‌కి పనిచేసేది, రెండో షాట్‌కి చేసేది కాదు. ప్లగ్‌ని అచ్చుపోసి మూసేశారు, విప్పి బాగుచేసే దారి లేదు. విడిగా కేబుల్ దొరక్క రెండు నెలలు ప్యాక్ మూలన పడింది. నా ప్యాక్‌లో అదే జరిగితే పది నిమిషాల సోల్డరింగ్.

వేడి గురించి కూడా చెప్పాలి. రెండు సెకన్లకో ఫుల్ పవర్ షాట్ కొడుతూ పోతే ట్యూబు, ముందున్న ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతాయి. మాన్యువల్స్‌లో రాసే 20 షాట్లు, ఆపైన 10 నిమిషాల విరామం అనే లెక్కని పాటించండి. నికాన్ ఎస్‌బీ-900 లాంటివి వేడెక్కితే తామే ఆగుతాయి, పాత ఫ్లాష్‌లకి ఆ తెలివి లేదు. లెడ్ ప్యాక్‌తో వేడి ఇంకోచోట పుడుతుంది, ఫ్లాష్ లోపలి ఇన్వర్టర్‌లో. అందుకే దాంతో సగం పవర్ దాటి వరుసగా కొట్టను.

రెండు లిథియం అయాన్ సెల్స్ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు, 6 వోల్టుల ఫ్లాష్‌కి అది వద్దు. ఇక 300 వోల్టుల ప్యాక్ సొంతంగా చేద్దామనే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. ఆ వోల్టేజీలో నిండిన కెపాసిటర్ ప్రాణం తీయగలదు, సెల్స్ తీసేశాక కూడా చాలాసేపు చార్జ్ పట్టి ఉంచుతుంది. హై వోల్టేజ్ కావాలంటే కొన్నదే వాడండి. కొత్తగా ఫ్లాష్ కొనేవాళ్లు అసలు ప్యాక్ అవసరమా అని కూడా చూసుకోండి. గోడాక్స్ వీ860-2 లాంటి వాటిలో లిథియం బ్యాటరీ లోపలే ఉంది, ఫుల్ పవర్‌లో 650 షాట్లని, 1.5 సెకన్ల రీసైకిల్ (తర్వాతి షాట్‌కి సిద్ధమయ్యే సమయం) అని కంపెనీ లెక్క.

ఇప్పుడు నడుముకి కొన్న ప్యాకే కడుతున్నాను. ముప్పావు కేజీ ఉన్న లెడ్ బ్యాటరీ మోసి నడుము నొప్పి తెచ్చుకున్నాక దాన్ని లైట్ స్టాండ్ కింది కాలికి కట్టాను. అక్కడ ఆ బరువు స్టాండ్ పడిపోకుండా పట్టుకుంటుంది. వాడినా వాడకపోయినా నెలకోసారి చార్జ్ చేస్తాను, ఖాళీగా వదిలేస్తే లెడ్ బ్యాటరీ తిరిగి లేవదు. మూత లోపల రెండు స్పేర్ ఫ్యూజులు టేపుతో అతికించి ఉంటాయి. ఇన్నేళ్లలో ఒకటి వాడాల్సి వచ్చింది.