సావేజ్ యంగ్ డూ: ఏళ్ల తరబడి విన్నాక

ముందే చెప్పేస్తాను. హస్కర్ డూ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పేరు ఇప్పుడే వింటున్నవాళ్లు వాళ్ల తొలినాళ్ల పాటల పెట్టె ‘సావేజ్ యంగ్ డూ’ కొనకండి. వాళ్ల ఆల్బమ్‌లలో 1984 నాటి ‘జెన్ ఆర్కేడ్’ గానీ, 1985లో వచ్చిన ‘న్యూ డే రైజింగ్’ గానీ ముందు వినండి. అవి పట్టుకుని వదలకపోతే అప్పుడు ఇటు రండి. ఇది అలా పట్టుబడినవాళ్ల కోసం చేసిన వస్తువు. మొత్తం 69 పాటలు, అందులో 47 అంతకుముందు విడుదలే కానివి. నాలుగు ఎల్పీలు, లేదంటే మూడు సీడీలు, తోడుగా ఒక గట్టి అట్ట పుస్తకం. షికాగోలోని న్యూమెరో గ్రూప్ అనే రికార్డు లేబుల్ 2017 నవంబరులో తెచ్చింది. నేను ఎల్పీల సెట్టు తీసుకున్నాను. విడుదలైన వారంలో రాసే సమీక్షకు అందని సంగతులు కొన్ని ఉంటాయి. పెట్టె అంచులు అరిగేదాకా విన్నాక తెలిసేవి. నేను రాసేది అవే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ నగరం. 1979లో ముగ్గురు కుర్రాళ్లు కలిశారు. గిటారు బాబ్ మోల్డ్, డ్రమ్స్ గ్రాంట్ హార్ట్, బేస్ గ్రెగ్ నార్టన్. మోల్డ్ న్యూయార్క్ రాష్ట్రం నుంచి మెకాలెస్టర్ కాలేజీలో చదువుకోవడానికి వచ్చినవాడు. హార్ట్ అక్కడివాడే, రికార్డుల షాపులో పనిచేసేవాడు. పాటలు రాయడమూ పాడడమూ ఎక్కువగా వీళ్లిద్దరి పనే. 1988 మొదట్లో విడిపోయారు. పెద్దగా డబ్బు చూసిన బ్యాండ్ కాదు, కానీ తర్వాత పెద్దవాళ్లయిన చాలామందికి దారి వేసింది. పిక్సీస్ అనే బ్యాండ్ వాళ్లు బేస్ వాయించే మనిషి కోసం పత్రికలో ప్రకటన ఇస్తూ, హస్కర్ డూ అన్నా పీటర్, పాల్ అండ్ మేరీ అన్నా ఇష్టపడేవాళ్లు కావాలని అడిగారు. ఆ ప్రకటన చూసి వచ్చిన మనిషి కిమ్ డీల్. చెవులు పగిలే మోత ఒకటి, ముగ్గురు కూర్చుని పాడుకునే జానపదం ఒకటి. ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా ఇమిడాయి? దానికి జవాబు ఈ పెట్టెలో ఉంది, అదీ మొదటి ఎల్పీలోనే.

అందరూ చెప్పే కథ ఏమిటంటే, వీళ్లు మొదట్లో ఒట్టి గోల బ్యాండ్, వేగం తప్ప ఏమీ తెలియదు, నెమ్మదిగా రాగం నేర్చుకున్నారు అని. నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఎందుకంటే చేతికందే మొదటి రికార్డు 1982 నాటి ‘ల్యాండ్ స్పీడ్ రికార్డ్’. 26 నిమిషాల్లో 17 పాటలు. ఒకదాని తోక మీద ఇంకొకటి కాలు వేసుకుంటూ పోతుంది, పాట ఎక్కడ ఆగి ఏది మొదలైందో అట్ట చూస్తే గానీ తెలియదు. అదే మొదలు అనుకుంటే ఆ కథ నిజమనే అనిపిస్తుంది.

కానీ అది మొదలు కాదు. ఈ పెట్టె 1979 నుంచి మొదలవుతుంది. ‘డూ యు రిమెంబర్?’, ‘కాంట్ సీ యు ఎనీమోర్’ లాంటి పాటల్లో ఉన్నది ఏ కుర్రాళ్ల బ్యాండ్‌లోనైనా ఉండే మధ్యస్థ వేగం, స్పష్టమైన పల్లవి, పాడుకోదగ్గ వరస. న్యూయార్క్ పంక్ బ్యాండ్ రామోన్స్‌ను అరగదీసి విన్నారని తెలిసిపోతుంది. గొంతులు లేతగా ఉన్నాయి, గిటారుకు ఆ తర్వాతి రంపపు పదును ఇంకా రాలేదు. అయినా వరస మాత్రం ఉంది. ఐదారేళ్ల తర్వాత ‘న్యూ డే రైజింగ్’లో విని మనం ముచ్చటపడిన తీపి వీళ్ల దగ్గర మొదటి రోజు నుంచీ ఉన్నదే. మధ్యలో రెండేళ్లు దాన్ని కావాలనే వేగం కింద పాతిపెట్టారు. చేతకాక అలా వాయించారని ఇక అనలేం.

దీనికి నాకు దొరికిన మంచి సాక్ష్యం ‘డూ ద బీ’. తొలి రోజుల డెమోలో అది ఒక తమాషా పాట, డ్యాన్సు పాటలను ఎగతాళి చేస్తున్నట్టు ఆడుతూ పాడుతూ సాగుతుంది. 1981 లైవ్‌లో అదే పాట గోడకేసి కొట్టినట్టు వస్తుంది. నార్టన్ రాసిన ‘లెట్స్ గో డై’ కూడా అంతే, స్టూడియోలో ఒక మనిషి, వేదిక మీద ఇంకొక మనిషి. నేను ఈ రెండు జతలనూ వరసగా పెట్టి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. 1981 వేసవిలో వాళ్లు కెనడా మీదుగా పడమటి తీరం దాకా వ్యాన్‌లో తిరిగి, దారి పొడుగునా హార్డ్‌కోర్, అంటే అతివేగపు పంక్, బ్యాండ్‌లతో వేదికలు పంచుకున్నారు. తిరిగొచ్చాక ఆగస్టు 15న మినియాపొలిస్‌లో సెవెన్త్ స్ట్రీట్ ఎంట్రీ అనే చిన్న క్లబ్బులో వాయించిందే ఆ 26 నిమిషాలు. పాటల్లో కొన్ని అంతకుముందువే, మారింది నడక.

ఆ క్లబ్బు ఇప్పటికీ ఉంది. ఫస్ట్ అవెన్యూ అనే పెద్ద క్లబ్బుకు అంటుకుని ఉన్న చిన్న గది, మొత్తం కట్టడం ఒకప్పుడు గ్రేహౌండ్ బస్సుల డిపో. ట్విన్ సిటీస్‌లో, అంటే మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో, ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లు చాలామంది పాప్ గాయకుడు ప్రిన్స్ కోసం ఆ గోడ ముందు నిలబడి ఫొటో దిగినవాళ్లే. ఆ గోడ మీది నక్షత్రాల్లో హస్కర్ డూ పేరు కూడా ఉంది, ఈసారి వెతకండి. లోపలి గది 250 మందికి మించి పట్టేది కాదు. అంత ఇరుకులో అంత మోత అంటే ఏమిటో ఆ గదిలో ఒకసారి నిలబడి వచ్చాక ఈ రికార్డు వింటే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక విచిత్రం. ‘ల్యాండ్ స్పీడ్ రికార్డ్’ను మొదట వేసింది మినిట్‌మెన్ అనే కాలిఫోర్నియా బ్యాండ్ వాళ్ల న్యూ అలయన్స్ లేబుల్. ఆ లేబుల్ తర్వాత ఎస్‌ఎస్‌టీ అనే ఇంకో కాలిఫోర్నియా లేబుల్ చేతికి వెళ్లింది, దాంతోపాటు ఈ రికార్డు హక్కులూ వెళ్లాయి. అందుకే న్యూమెరో వాళ్ల పెట్టెలో అసలు ‘ల్యాండ్ స్పీడ్ రికార్డ్’ లేదు. దాని బదులు అదే కాలపు వేరే లైవ్ టేపుల నుంచి ఆ పాటలను పేర్చి పెట్టారు. పెట్టె తెరిచిన కొత్తలో దీన్ని నేను లోటుగానే చూశాను. ఇప్పుడు చూడను. అసలు రికార్డులో నార్టన్ బేస్ ఉందో లేదో తెలియదు, మొత్తం ఒకే ముద్ద. ఈ టేపుల్లో బేస్ వినిపిస్తుంది. హార్ట్ కాళ్లూ చేతులూ విడివిడిగా పోల్చుకోవచ్చు. ‘డేటా కంట్రోల్’ అనే చివరి పాట దగ్గర నడక మందగించి, అప్పటిదాకా పరుగెత్తినవాళ్లు ఒక్కసారి బరువుగా అడుగులు వేయడం మొదలుపెడతారు. ఆ మలుపు పాత రికార్డులో నా చెవికి ఎన్నడూ ఇంతగా తగల్లేదు. కొత్తగా వినేవాళ్లకు ఏ రూపం ఇవ్వమంటారని అడిగితే నేను ఈ మారు రూపాన్నే ఇస్తాను. పాత అభిమానులు నన్ను తిట్టుకున్నా సరే.

అయితే ఈ భాగం అన్ని వేళలా వినేది కాదు. ఒక ఆదివారం పొద్దున్నే పెట్టానేమో, పై గదిలోంచి మా ఆవిడ గొంతు: “ఏవండీ, మిక్సీ ఆఫ్ చేయడం మర్చిపోయారా?” ఆమె అన్నదాంట్లో అన్యాయం ఏమీ లేదు. రెండు వైపులు వరసగా విన్నాక నాకూ చెవులు మొద్దుబారతాయి. ఎల్పీ కాబట్టి వైపు మార్చడానికి లేవాలి, ఆ లేవడమే కాస్త ఊపిరి తీసుకునే విరామం.

పాటలు ఎక్కడ దొరికాయన్నది అసలు సంగతి. టెరీ కాట్జ్‌మన్ అని ఒకాయన ఉండేవాడు. వాళ్లకు సౌండ్ చూసినవాడు, వాళ్లతో కలిసి రిఫ్లెక్స్ రికార్డ్స్ పెట్టినవాడు. ఆ లేబుల్ పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. ఊళ్లో పేరున్న ట్విన్/టోన్ లేబుల్ వద్దనడంతో, హార్ట్ వాళ్ల అమ్మ పనిచేసే క్రెడిట్ యూనియన్ నుంచి అప్పు తెచ్చి సొంతంగా 1981లో ‘స్టాట్యూస్’ సింగిల్ వేసుకున్నారు. కాట్జ్‌మన్ షోలను సౌండ్ బోర్డు నుంచి టేపుకు ఎక్కించి దాచిపెట్టేవాడు. ఎవరికీ తెలియని బ్యాండ్ కోసం, ఎందుకు పనికొస్తాయో తెలియని టేపుల కోసం అంత శ్రద్ధ! ఆయన 2019లో పోయాడు. ఈ పెట్టెకు బ్యాండ్ ఎంత కారణమో ఆయనా అంతే కారణం, పుస్తకం చదివితే ఇది తెలుస్తుంది.

పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. పాత ఫొటోలు, షో కరపత్రాలు, తీరిగ్గా చెప్పిన కథ. కరపత్రాల్లో హార్ట్ చేతి గీతలు చూస్తుంటే పాటలకన్నా ముందు అతని చెయ్యి గుర్తుపట్టడం అలవాటైంది. ఒక్క విషయం మాత్రం మనసులోంచి పోదు. విడిపోయాక మోల్డ్‌కూ హార్ట్‌కూ మధ్య ఏళ్ల తరబడి పెద్దగా మాటల్లేవు, ఉన్నవి కూడా మంచి మాటలు కావు. ఏదో సర్దుబాటై ఈ పని ముందుకు సాగి, పెట్టె బయటికి రావడానికి రెండు నెలల ముందు, 2017 సెప్టెంబరులో హార్ట్ చనిపోయాడు. 56 ఏళ్లు. నేను మొదటిసారి వింటున్నప్పుడు ఆ సంగతి ప్రతి పాటకూ అడ్డం వచ్చేది. ఇప్పుడు రాదు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు డ్రమ్స్ ముందు కూర్చుని సరదాపడుతున్నట్టే వినిపిస్తుంది.

శబ్దం మాటకొస్తే, ఇవి పాత టేపులు. బుసలున్నాయి, కొన్నిచోట్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, డ్రమ్స్‌లోని సింబల్స్ చప్పుడు మిగతావాటి మీద పొర్లుతుంది. వీటిని కడిగి తోమి కొత్త రికార్డింగ్‌లా చూపించాలని ప్రయత్నించకపోవడం నాకు నచ్చింది. రీమాస్టర్ పేరిట బుస తీసేయబోయి సంగీతం కూడా తీసేసిన రీఇష్యూలు నా అలమరలో కొన్ని ఉన్నాయి, ఇది ఆ కోవలో చేరదు. 1983 జనవరిలో వచ్చిన ‘ఎవ్రీథింగ్ ఫాల్స్ అపార్ట్’ ఆల్బమ్ పాటలను రైనో అనే లేబుల్ 1993లో వేసిన సీడీతో పక్కపక్కన పెట్టి విన్నాను. పాత సీడీ పలచగా, గొంతు దగ్గర పట్టేసినట్టు ఉంటుంది. ఇక్కడ గిటారుకు కింద ఒళ్లు వచ్చింది. ఆ సీడీని మాత్రం పారేయలేదు. ‘స్టాట్యూస్’ దాదాపు తొమ్మిది నిమిషాల పొడుగు రూపం అందులో ఉంది. ఒకే బేస్ వరస అలా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, కారులో బాగుంటుంది.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది చివరి భాగం, అంటే 1982 నుంచి. ‘ఇన్ ఎ ఫ్రీ లాండ్’ దగ్గర రెండు పాయలు కలుస్తాయి. వేగం తగ్గలేదు, కానీ 1979లో పాతిపెట్టిన వరస మళ్లీ పైకి లేచింది, ఈసారి వేగం మీదే స్వారీ చేస్తూ. మోల్డ్ గిటారులో మోత, రాగం వేరువేరు పనులు కావడం అక్కడితో ఆగిపోయింది. ఆ వెంటనే ‘ఎవ్రీథింగ్ ఫాల్స్ అపార్ట్’ పేరు పాట, హార్ట్ ‘వీల్స్’, అరవైల జానపద-పాప్ గాయకుడు డోనొవన్ పాట ‘సన్‌షైన్ సూపర్‌మేన్’ను ఏమాత్రం వెక్కిరింపు లేకుండా నవ్వుతూ పాడిన తీరు వింటే, కిమ్ డీల్ చూసిన ఆ ప్రకటన తమాషాకి రాసింది కాదని తెలుస్తుంది. విడివిడిగా ఈ పాటలు నాకు ముందే తెలుసు. మొదటి ఎల్పీ నుంచి వరసగా వస్తే తప్ప అవి ఎక్కడి నుంచి నడిచి వచ్చాయో తెలియలేదు.

అన్నీ బాగున్నాయని కాదు. 1980 ప్రాంతపు పాటల్లో కొన్ని ఒకసారి విని పక్కన పెట్టేవే. ‘ఇండస్ట్రియల్ గ్రోసరీ స్టోర్’ లాంటివి కుర్రతనపు కొంటెతనంగా బాగుంటాయి గానీ మళ్లీమళ్లీ సూది పెట్టబుద్ధి కాదు. వీరాభిమాని అన్నవాడు అన్నీ కావాలంటాడు, సరే. కానీ 69లో ఒక 15 తీసేసినా ఈ కథకు ఏ లోటూ రాదని నా లెక్క.

అసలు బాధ వేరు. ఈ పెట్టె 1983 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఆ తర్వాతి మంచి రోజుల రికార్డులు ఎస్‌ఎస్‌టీ దగ్గర ఉన్నాయి. ‘జెన్ ఆర్కేడ్’, ‘న్యూ డే రైజింగ్’ లాంటివాటికి ఇలాంటి శ్రద్ధ దక్కలేదు, ఇప్పటికీ అవి ఎనభైల నాటి పలచని శబ్దంతోనే అమ్ముడవుతున్నాయి. బేస్‌మెంట్‌లో ప్రాక్టీసు చేసుకున్న కుర్రాళ్ల టేపులు చక్కగా వినిపిస్తాయి, వాళ్లే ఎదిగి చేసిన గొప్ప పని పొగ కమ్మినట్టు వినిపిస్తుంది. ఇది వింటూ వింటూ చివరి వైపు అయ్యేసరికి వెంటనే ఎస్‌ఎస్‌టీ వేసిన తర్వాతి రికార్డు ‘మెటల్ సర్కస్’ పెట్టాలనిపిస్తుంది. పెట్టగానే శబ్దం ఒక్కసారి చిక్కిపోతుంది, ప్రతిసారీ అంతే.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. ఎల్పీల సెట్టు బరువు, చోటు తింటుంది, నిమిషం నిడివి పాటల మధ్య లేచి కూర్చోవడం అందరికీ సరిపడదు. మూడు సీడీల సెట్టులో కథ తెగకుండా సాగుతుంది, పుస్తకం కూడా వస్తుంది. కేవలం వినడానికైతే అదే తీసుకోండి. నేను ఎల్పీలే ఉంచుకుంటున్నాను. కారణం అడగకండి, కరపత్రాల బొమ్మలు పెద్దవిగా కనపడతాయి, అంతే.