రెండు రంగుల పద్మినికి సీలర్ ఛాయ: ఆటోనగర్ షెడ్డులో చేయించిన పని

నా పాత ప్రీమియర్ పద్మినికి కప్పూ పిల్లర్లూ మీగడ రంగు, కిటికీల దిగువన అంతా మెరూన్ వేయించాను. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న పెయింటింగ్ షెడ్డులో ఈ పని జరిగింది. చూసినవారంతా పైరంగుల మెరుపును మెచ్చుకుంటున్నారు గానీ, నా మెప్పు వాటి అడుగున ఉన్న సీలర్, అంటే పైరంగుకు ముందు కొట్టే అడుగుపూత, విషయంలో మేస్త్రి చూపిన శ్రద్ధకే దక్కుతుంది.

ఆరేళ్ల క్రితం ఇవే రంగులు మరొక చోట వేయించినప్పుడు, బండి అంతటికీ ఒకే ముదురు బూడిద సీలర్ కొట్టారు. మెరూన్ చక్కగా కుదిరింది. మీగడ రంగు మాత్రం రెండు కోటింగులకు మురికిగా, మూడింటికి మచ్చలుగా కనిపించి, చివరికి ఐదు కోటింగులు మింగింది. మాస్కింగ్ టేపు తీశాక రెండు రంగులు కలిసే గీత వెంబడి రంగు గట్టులా నిలిచిపోయింది. పైన వేసిన క్లియర్ (రంగులేని మెరుపు పూత) కూడా దాన్ని పూడ్చలేదు. రెండు రంగుల బండికి సీలర్ ఛాయను ఎంచుకోవడమంటే ఆ గట్టు ఎత్తును ఎంచుకోవడమేనని నాకు అప్పట్లో తెలియదు.

ఈసారి మేస్త్రి ముందుగా రెండు రంగులనూ నలుపు తెలుపు గళ్ల అట్టముక్కల మీద కొట్టి, గళ్లు మాయమవడానికి ఎన్ని కోటింగులు పడుతున్నాయో లెక్కపెట్టారు. తర్వాత వాటిని బూడిద ఛాయల పక్కన ఉంచి, ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూపించారు. ఎరుపా, పసుపా అన్నది ఆ ఫోటోలో చెరిగిపోయి, ఎంత లేత, ఎంత ముదురు అన్నదే మిగులుతుంది. సీలర్‌కు కావలసిన కొలత అదే. ఆయన అనుసరించినది పెయింట్ల కంపెనీ ఆక్సాల్టా వారి వాల్యూషేడ్ పద్ధతి. అందులో 1 తెలుపు, 7 నలుపు, నడుమ ఉన్నవి బూడిద మెట్లు. మా మీగడ రంగుకు 2, మెరూన్‌కు 6 కుదిరాయి. అంతటికీ 4 వేస్తే పని తేలిక కదా అని అడిగాను. రెండు రంగులూ దగ్గర దగ్గరగా ఉంటే అది చాలుతుందని, ఇంత ఎడం ఉన్నప్పుడు రెండింటికీ అరకొరే అవుతుందని ఆయన చెప్పారు. మెరూన్ పలచగా పడిన చోట కింద తెలుపుంటే గులాబీ జీర తొంగిచూస్తుంది, ముదురు బూడిద ఉంటే రంగుకు లోతు వస్తుంది. పైగా రాయి తగిలి పెచ్చు ఊడినా తెల్లచుక్క బయటపడదు.

రెండు సీలర్లు కలిసే చోట ఆయన టేపు అంచు పెట్టలేదు. కాగితాన్ని వదులుగా వేలాడదీసి, ముదురు ఛాయను గీతకు కాస్త దిగువనే పలచబరిచారు. అందువల్ల సీలర్ అంచు కూడా ఎక్కడా లేచి నిలవలేదు. నీటికాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టకుండా సీలర్ మీద పైరంగు వేయడానికి డబ్బా వివరాల్లో ఒక గడువు ఉంటుంది. మీగడ రంగు ఆరి, టేపు అతికించి, మెరూన్ మొదలుపెట్టేసరికి ఆ గడువు దాటకుండా పనిని ముందే పంచుకున్నారు.

లోపం లేకపోలేదు. తలుపుల లోపలి అంచుల్లో ముదురు సీలర్ సరిగా పడక, అక్కడ మెరూన్ ఒక వాసి లేతగా ఉంది. రెండు సీలర్లు విడివిడిగా కలపడం, గన్ను కడగడం వల్ల ఒక పూట కూలీ కూడా అదనంగా పడింది. ఆ కూలీ నాకు బరువనిపించలేదు: మీగడ రంగు రెండు కోటింగులకే నిండింది, ఇప్పుడు గీత మీద గోరు నడిపితే ఏమీ తగలడం లేదు.